గుమ్మం దగ్గరి రిజిస్టరు

మార్చి 4

మహారాజశ్రీ అక్కగారి దివ్యసముఖమునకు,

ఈ ఉత్తరం ద్వారా నేను చేయబోతున్న నేరాలన్నిటికీ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. నీ విశ్రాంతి దోచుకుంటున్నందుకు, మూడు కాగితాలు తగలేస్తున్నందుకు, నా చేతిరాతతో యాభై ఆరు అక్షరాలనూ ఒక్కొక్కటిగా అవమానిస్తున్నందుకు, దీన్ని మోసుకొచ్చే తపాలా మనిషి భుజం నొప్పికి కూడా. ఈ ఇంట్లో ఏ తప్పు జరిగినా దాని వెనక నేనే ఉంటానని నువ్వు అంటుండేదానివి కదా. సరే, ఒప్పేసుకుంటున్నాను. గంపగుత్తగా. విడివిడిగా మాత్రం అడక్కు.

నాన్న పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. నువ్వు కట్టిన ఓడను సముద్రం మీద నడిపి చూస్తున్నారనీ, నువ్వు అందులో ఉన్నావనీ, కబురు అందేసరికి ఇక్కడ అంతా అయిపోయిందనీ అందరికీ తెలుసు. ఎవరూ నిన్ను పల్లెత్తు మాట అనలేదు. బ్యాండు బాబాయి గుర్తున్నాడుగా? నాన్నతో పాటు ఇరవై రెండేళ్ళు సైన్యంలో పెద్ద డోలు వాయించి, కుడి చెవి అక్కడే వదిలేసి వచ్చినాయన. ఆయనైతే, "అమ్మాయి సముద్రం మీద ఉందా? మరింకేం, డ్యూటీలో ఉన్నట్టేగా!" అని వీధి చివరిదాకా వినపడేట్టు అన్నాడు. ఆయన గుసగుస అది.

అసలు విషయం. నాన్న ట్రంకు పెట్టెలో, ఇస్త్రీ చొక్కాల మధ్య ఒక కాగితం దొరికింది. పైన ఎర్ర పెన్సిలుతో "నా తరువాత అమలు చేయవలసినవి" అని ఉంది. మొదటి అంశం ఏడుపు: వ్యవధి పది నిమిషాలు, ఆ పైన అందరికీ టీ. రెండోది బూట్లు: సైజు సరిపోయినవాళ్ళకి ఇవ్వాలట, "అర్ధ సిపాయికి మాత్రం వద్దు, మడమ తొక్కి నడుస్తాడు" అని కింద గీత కూడా గీశాడు. పోయిన మనిషి చేత కూడా తిట్లు తింటున్నాను చూడు. మూడోది నీది. స్నేహితులు సభ పెడతామంటే పెట్టుకోనివ్వాలి. తన గురించి ఒక కాగితం చదవాలి, రెండు నిమిషాలు మించరాదు. "చదవవలసినది: పెద్దమ్మాయి. ఆమె డ్యూటీలో ఉన్నచో సభ వాయిదా వేయవలెను."

సభ ఏప్రిల్ ఇరవయ్యో తారీఖు, మిల్లు భోజనశాలలో. కాబట్టి నువ్వు వస్తున్నావు. ఇది అభ్యర్థన కాదు, ఆజ్ఞ. నాది కాదులే, ఆయనది.

నీకు శ్రమ తగ్గిద్దామని చిత్తుప్రతి నేనే తయారుచేశాను. మచ్చుకి: "మా నాన్నగారు సైన్యంలో ఇరవై రెండేళ్ళు గేటు కాపలా కాసి మూడు పతకాలూ ఒక మోకాలి నొప్పీ సంపాదించారు. భార్య పోయిన ఏడాదే సైన్యం వదిలేసి, పదకొండేళ్ళ కూతురూ రెండేళ్ళ కొడుకూ గల మహాదళానికి అధిపతి అయ్యారు. నూలు మిల్లులో గేటు సూపర్వైజరుగా చేరారు. ఒక గేటు చాలక ఇంటి గుమ్మానికి కూడా రిజిస్టరు పెట్టారు. పేరు, వెళ్ళిన వేళ, పని, తిరిగి వచ్చిన వేళ. పాలకి వెళ్ళినా సంతకమే, పక్కింటికి వెళ్ళినా సంతకమే. ఒకసారి పిల్లి కూడా సంతకం చేయాల్సి వచ్చింది." పిల్లి సంగతి అబద్ధమే అనుకో, కానీ పాదముద్ర నిజం.

తప్పులు దిద్ది పంపు. నువ్వు ఎక్కే రైలు కూడా రాయి.

ఇట్లు, సదా శిక్షార్హుడు,
అర్ధ సిపాయి


మార్చి 12

ఒరేయ్ కోతీ,

నీ ఉత్తరం పని మధ్యలో వచ్చింది. ఓడ అడుగుభాగంలో, నాలుగు అడుగుల ఎత్తు కూడా లేని గదిలో వెల్లకిలా పడుకుని అతుకులు పరీక్షిస్తున్నాను. మొహానికి ఆరు అంగుళాల దూరంలో ఇనుము. వెల్డింగ్ పిల్లలు నన్ను చూస్తే వణుకుతారు. "అక్కొచ్చింది, గీత వంకర పోనీకు" అనుకుంటారు. నాన్న చూస్తే సంతోషపడేవాడేమో. ఏమో.

నీ చిత్తుప్రతిలో తప్పులు. పతకాలు మూడు కాదు, రెండే. ఆ మూడోది నేను ఆరో క్లాసులో పరుగుపందెంలో గెలిచింది. రేకుది. అమ్మ పోయాక నేను గెలిచిన మొదటిది. సైన్యం స్నేహితుల విందుకి వెళ్తూ, తన రెండింటి పక్కన దాన్నీ గుచ్చుకుని వెళ్ళాడు. అక్కడెవరో పెద్ద అధికారి "ఇది ఏ యుద్ధంలో వచ్చింది?" అని అడిగితే, "రెండువందల మీటర్ల యుద్ధంలోనండి, మా అమ్మాయి గెలిచింది" అన్నాడట. బ్యాండు బాబాయినే అడుగు, ఎడమ చెవి వైపు నిలబడి అడుగు.

జడల సంగతి నువ్వు రాయలేదు. నీకు తెలీదు. అమ్మ పోయిన వారానికి కిటికీ ఊచకి మూడు తాళ్ళు కట్టి, పది రోజులు జడ అల్లడం సాధన చేశాడు. పదకొండో రోజున నా తల మీద పడ్డాడు. ఎంత బిగించేవాడంటే నా కనుబొమ్మలు సాయంత్రం దాకా కిందికి దిగేవి కాదు. బళ్ళో టీచరు "ఎందుకమ్మా ఎప్పుడూ ఆశ్చర్యపోతూ ఉంటావు?" అని అడిగేది. ఒక్క రోజు కూడా వదులు చేయమని అడగలేదు నేను.

ఇవి చేర్చు. చదవడం మాత్రం నువ్వే చదువు. నేను రాను.

ఎందుకని అడక్కు. ఆ ఇంటి హాజరులో నేను లేను. నమ్మకపోతే ఆ రిజిస్టరునే అడుగు. మడమ తొక్కకుండా నడువు.

అక్క


మార్చి 20

నిర్దయురాలైన అక్కయ్యకి,

అడిగాను. రిజిస్టరుని. ముప్పై ఒక్క పుస్తకాలు నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని అడిగాను. ఇప్పుడు నాకూ ఒక మోకాలి నొప్పి వచ్చింది, పతకమే బాకీ.

హాజరులో లేవా? నువ్వు వెళ్ళిన రోజు నుంచి ఈ తొమ్మిదేళ్ళలో, నాన్న పోయిన రోజుదాకా, ప్రతి పేజీలోనూ మొదటి వరుస నీదే. నీ పేరు, వెళ్ళిన తేదీ, ఉదయం 5.20, తిరిగి వచ్చిన గడి ఖాళీ. బయటికి వెళ్ళిన మనిషి రాకుండా పేజీ మూయకూడదు అన్న రూలు గుర్తుందిగా? అందుకని రోజూ పొద్దున్నే కొత్త పేజీ మీదికి నిన్ను మోసుకొచ్చేవాడు. ఆ తర్వాతే పళ్ళు తోముకోవడం. పేజీలో నా పేరు ఎప్పుడూ రెండోదే. ఆస్తి పంపకాల్లో కూడా ఇంత అన్యాయం జరగదు.

ఇంకోటి. నాన్న దగ్గర ఒక బూటు బ్రష్షు ఉండేది, గుర్రపు వెంట్రుకలది, చెక్క పిడి. ఎనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టే స్టూలు మీద కనిపించింది. ఎవరు పెట్టారో తెలీదు. మిల్లులో ఎవరో అభిమాని అనుకుని, నాన్న మర్నాడు గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరికీ ధన్యవాదాలు చెప్పాడు. అందరూ స్వీకరించారు. అప్పటి నుంచీ ఇంకో బ్రష్షు ముట్టలేదు.

చివరి రోజున ఆయన చేతిలో ఉన్నది అదే. వరండాలో కుర్చీలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. నేను నీళ్ళు తెచ్చేలోపు అయిపోయింది. ఒక బూటు అద్దంలా ఉంది, రెండోది సగంలో ఉంది. మిగతా సగం నేను పూర్తిచేశాను. ఎంత తుడిచినా ఆయన మెరుపు రాలేదు.

ఇది నవ్వించడానికి రాయలేదు. రైలు ఏదో రాయి. బ్యాండు బాబాయి రోజూ వచ్చి, "అమ్మాయి ఎప్పుడొస్తానంది?" అంటున్నాడు. నేను "ఇరవయ్యో తారీఖుకి" అంటున్నాను. ఆయనకి వినపడటం లేదు, రోజూ అడుగుతున్నాడు. నేనూ రోజూ అదే చెప్తాను.

పట్టువదలని,
అర్ధ సిపాయి


మార్చి 28

తమ్ముడూ,

ఆ బ్రష్షు నేను పెట్టాను.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదికి మొదటిసారి నాలుగు రోజుల సెలవు దొరికింది. జూన్ పద్నాలుగు, మధ్యాహ్నం మూడింటికి ఇంటికి వచ్చాను. చెప్పకుండా వచ్చి నాన్నని అదరగొడదామనుకున్నాను. తలుపుకి తాళం. ఆయన మిల్లులో, నువ్వు ఎక్కడో బంతాటలో. స్టూలు మీద రిజిస్టరు, దారం కట్టిన పెన్సిలు. నవ్వొచ్చింది. వచ్చినట్టు సంతకం చేద్దామని తెరిచాను.

నా పేరు పక్కన "పరారీ" అని ఉంది.

నీకు తెలుసుగా ఆ మాట. ముప్పై రోజులు దాటినా తిరిగి రాని సిపాయికి గార్డు రూములో ఏమని రాస్తారో చిన్నప్పుడు ఆయనే చెప్పాడు మనకి. "ఒకసారి ఆ మాట పడ్డాక వాడు మనవాడు కాదు" అన్నాడు. మిల్లు ఆఫీసులో చూసిపెట్టిన ఉద్యోగం కాదని నేను ఓడలకి వెళ్తానన్నప్పుడు ఆయన అరవలేదు, తిట్టలేదు. బయల్దేరే రోజున ఒకటే మాట, "సంతకం చేసి వెళ్ళు." ఆ పొడి మాటకి అర్థం ఆ మధ్యాహ్నం తెలిసింది. బ్రష్షు స్టూలు మీద పెట్టి, తిరిగి స్టేషనుకి నడిచాను.

ఆ తర్వాత నెలనెలా ఒకటో తారీఖున ఆయన ఉత్తరం వచ్చేది. "ఇక్కడ ఇద్దరం హాజరు, క్షేమం." ఇద్దరం. నేను "క్షేమం" అని ఒక్క ముక్క రాసి పంపేదాన్ని. ప్రతి పేజీ పైన నా పేరు ఉందన్నావు. పారిపోయినవాడి పేరు కూడా పట్టుబడేదాకా అలాగే మోస్తార్రా.

ఆయన చేతిలో ఆ బ్రష్షు ఉందని రాయకుండా ఉండాల్సింది నువ్వు. రెండు రోజులు పనిలోకి వెళ్ళలేదు.

అక్క


ఏప్రిల్ 4

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వెంటనే జవాబు రాద్దామని కూర్చున్నాను, సిరా అయిపోయింది. సిరా తెచ్చాక కాగితం అయిపోయింది. కాగితం తెచ్చాక ధైర్యం... సరేలే, తమాషాకి అన్నాను.

ఆ పుస్తకం తీసి చూశాను. జూన్ పద్నాలుగు. ఆ మాట ఉంది, నిజమే. కానీ దాని మీద ఎర్ర పెన్సిలు గీత కూడా ఉంది. పక్కనే "తప్పుడు నమోదు. డ్యూటీ మీద ఉన్నది" అని రాసి ఉంది. ఆ సాయంత్రమే. నువ్వు మూడింటికి వచ్చావు, ఆయన ఆరింటికి వచ్చాడు, మూడు గంటలే తేడా. ముందు పేజీలూ వెనక పేజీలూ అన్నీ చూశాను. "పెద్దమ్మాయి, డ్యూటీ మీద" అనే ఉంది, వేల పేజీల్లో. పోయిన ఉత్తరంలో అది రాయలేదు నేను. చిన్నప్పటి నుంచీ చూసీ చూసీ నాకది గోడకి సున్నంలా అయిపోయింది.

నాన్న ఏదో కోపంలో రాసి ఉంటాడక్కా. మనిషన్నాక కోపం వస్తుంది. చల్లారాక ఆయనే దిద్దుకున్నాడు. వేల పేజీల ముందు ఒక్క మాట ఎంత? దాన్ని పట్టుకుని వేలాడకు. వచ్చెయ్యి.

నీ,
అర్ధ సిపాయి


ఏప్రిల్ 9

తమ్ముడూ,

అయితే రాశాడన్నమాట. ఇన్నాళ్ళూ ఏదో ఒక మూల, నేను సరిగా చూళ్ళేదేమో, ఎండకి కళ్ళు చెదిరాయేమో అనుకునేదాన్ని. నువ్వు ఖాయం చేశావు.

అతుకులో పగులు ఉంటే దాని మీద ఎంత నున్నగా రుద్దినా, ఎక్స్‌రే ఫిల్ములో పగులే కనిపిస్తుంది. నా పని అది చూడటమే. చూడకుండా ఉండటం నాకు రాదు.

రెండు నిమిషాల కాగితం రాసి దీనితో పంపుతున్నాను. జడలు, పతకం, పాలకి వెళ్ళినా సంతకం, అన్నీ ఉన్నాయి. ఆయన మంచి తండ్రి. అది నేను కాదనను. చివరి వాక్యం మాత్రం నాకు రాలేదు, ఖాళీ వదిలాను. నీకు తోచింది రాసి నువ్వే చదువు. సభ వాయిదా వేయించకు. ఇంక ఈ విషయం మీద ఉత్తరాలు రాయకు.

అక్క


ఏప్రిల్ 16, ఉదయం 8.10
మీ ఓడల కార్ఖానా గేటు దగ్గరి బెంచీ

అక్కా,

రాయకు అన్నావు. అందుకని రాసి పంపకుండా మోసుకొచ్చాను. అంటే, వచ్చాక రాస్తున్నాను. రెండు రోజుల రైలు. పక్కసీటు ఆయన గురక మన బ్యాండు బాబాయి డోలుని మించిపోయింది.

బయల్దేరే ముందు ఇంటి రిజిస్టరులో సంతకం చేశాను. నాన్న పోయాక ఆ పుస్తకంలో ఒక్క వరుస కూడా రాయలేదు నేను. కొత్త పేజీ తీసి, పైన ముందు నిన్ను మోసుకొచ్చాను. ఆ ఒక్క వరుస రాయడానికే చెయ్యి నొప్పి పుట్టింది. తొమ్మిదేళ్ళు రోజూ ఎలా రాశాడో. దాని కింద నా పేరు, 6.05, పని: అక్కని తీసుకురావడం. తాళంచెవి బాబాయికి ఇచ్చాను. "అమ్మాయి ఎప్పుడొస్తానంది?" అన్నాడు. "తీసుకొస్తాను" అని ఎడమ చెవిలో అరిచాను. ఈసారి వినపడింది. ఆయన నా బూట్లకేసి చూసి, "మడమ సరిచేసుకుని వెళ్ళు" అన్నాడు. సరిచేసుకున్నాను.

ఇక్కడ మీ గేటు దగ్గర కూడా రిజిస్టరు ఉంది! అచ్చం నాన్న గీసిన గళ్ళే. గేటు ఆయన "ఎవరితో పనండీ?" అన్నాడు. చెప్పాను. "ఆవిడా? ఓడ లోపల ఉన్నారు. బయటికి రారు, ఎవరు పిలిచినా రారు. మీరు సాయంత్రం రండి."

"ఉంటాను" అన్నాను.

"సాయంత్రం దాకానా?"

"ఆవిడ వచ్చేదాకా."

"ఎవరండీ మీరసలు?" అన్నాడు. "వాళ్ళ తమ్ముణ్ణి, ఆవిడ డ్యూటీలో ఉంటే సభ వాయిదా వేయాలని ఆజ్ఞ ఉంది, వాయిదా వేయడం నాకిష్టం లేదు" అన్నాను. ఆయన నన్ను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి, బెంచీ చూపించాడు. నీ దగ్గరికి ఈ కాగితం చేరవేస్తానన్నాడు కూడా. మంచాయన. గేటు మనుషులందరూ ఒక జాతి అనుకుంటాను.

కాగితంతో పాటు ఒక పుస్తకం పంపుతున్నాను. జూన్ పద్నాలుగు పేజీలో ఇంటి తాళం దారం పెట్టాను. పేజీ చింపలేదు. రిజిస్టరులో పేజీ చింపినవాడి చెవి ఏమవుతుందో నాకు బాగా గుర్తుంది. నువ్వు పరీక్ష చేసే మనిషివి. నా మాట నమ్మకు, పోయిన ఉత్తరంలో నేను రాసింది అసలు నమ్మకు. పేజీ చూడు. ఎర్ర పెన్సిలు గీత కింద, గడి మూలన, చిన్నగా ఒక సంతకం ఉంది. వంకరటింకరగా, పిల్లి పాదముద్ర కన్నా అధ్వాన్నంగా. ఎవరిదో గుర్తుపట్టగలవు. ఆ చెయ్యికి అక్షరాలు దిద్దించింది నువ్వే.

ఆ సాయంత్రం ఆరింటికి నాన్న వచ్చాడు. స్టూలు మీద కొత్త బ్రష్షు చూసి మురిసిపోయాడు. తర్వాత పుస్తకం తెరిచాడు. నన్ను పిలిచాడు. అరవలేదు. కొట్టలేదు. ఎర్ర పెన్సిలుతో గీత కొట్టి, దిద్ది, పెన్సిలు నా చేతిలో పెట్టి "సంతకం చెయ్యి" అన్నాడు. చేశాను. అప్పుడు అడిగాడు:

"ఇది అక్క చూసి ఉంటేనో?"

"అక్క ఊళ్ళో లేదుగా నాన్నా, ఎలా చూస్తుంది?" అన్నాను. నవ్వుతూ అన్నాను.

ఆయన ఆ బ్రష్షు చేతిలో పట్టుకునే ఉన్నాడక్కా. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఇద్దరికీ తెలియలేదు.

ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ మర్నాటి నుంచీ నీ వరుస పెన్సిలుతో కాక సిరాతో రాసేవాడు. ఎవరూ మార్చకుండా. నెలనెలా ఉత్తరంలో "ఇద్దరం హాజరు" అని రాశాడంటే, మూడో మనిషి ఎక్కడుందో ఆయనకి ఖాయంగా తెలుసు కాబట్టి. డ్యూటీలో ఉన్న మనిషికి తను డ్యూటీలో ఉన్నానని ఎవరైనా ఉత్తరం రాసి చెప్తారా?

నీ కాగితంలో చివరి వాక్యం ఖాళీగానే ఉంది. నేను పూరించలేదు. అది ఆయన ఎప్పుడో రాసేశాడు, తొమ్మిదేళ్ళు రోజూ రాశాడు. నువ్వు వచ్చి, లేచి నిలబడి, చదవడమే మిగిలింది.

సాయంత్రం బండికి రెండు టికెట్లు తీశాను. ఒకటి మాత్రమే వాడాల్సి వస్తే అది నువ్వు వాడు, ఈ బెంచీ మీద నేనుంటాను. ఇంటికి చేరాక ఆ ఖాళీ గడిలో వేళ రాసి సంతకం చెయ్యి. పెన్సిలు చెక్కి పెట్టి వచ్చాను.

మొదటి ఉత్తరంలో అన్ని తప్పులకీ గంపగుత్తగా క్షమాపణ చెప్పాను. చేయనివాటికి చెప్పడం సులువు. చేసింది ఒకటే.

జూన్ పద్నాలుగున రెండూ నలభైకి, బంతాటకి వెళ్తూ సంతకం చేశాను. నా పైన నీ పేరు. నాకు పదమూడేళ్ళు. నెలకి వస్తానని చెప్పి వెళ్ళి ఏడాదైనా నువ్వు రాలేదు. నాకు లెక్కలు చెప్పేవాళ్ళు లేరు, నాన్న తనిఖీల్లో నన్ను తమ వెనక దాక్కోనిచ్చేవాళ్ళు లేరు. నాన్న అక్షరాలు దించడం నాకు బాగా వచ్చు, బళ్ళో సెలవు చీటీల కోసం నేర్చుకున్నాను. నీ పేరు పక్కన ఆయన పెన్సిలుతో రాసింది చెరిపాను. ఆయన "ర"కి పెట్టే కొక్కెం కూడా పెట్టాను. ఆయన దృష్టిలో నువ్వు ఒక్క రోజు కూడా పారిపోలేదు. పారిపోయావని అనుకున్నవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. ఆ మాట రాసింది నేను.